కీబోర్డు కింద పడిపోయిన బటన్

ఒక కుర్రాడు ఫోన్‌లో ఉద్యోగ దరఖాస్తు నింపుతున్నాడు. పేరు, ఊరు, చదువు అన్నీ అయ్యాయి. చివరి గడిలో ఫోన్ నంబరు అడిగారు. వేలు పెట్టగానే కింద నుంచి అంకెల కీబోర్డు లేచింది. పది అంకెలూ కొట్టాడు. ఇక 'పంపండి' అన్న బటన్ నొక్కాలి. ఆ బటన్ ఎక్కడా లేదు. కీబోర్డు కింద పడిపోయింది.

ఆండ్రాయిడ్ ఫోనైతే వెనక్కి వెళ్లే గుర్తు నొక్కి కీబోర్డుని దించుకోవచ్చు, ఆ కిటుకు తెలిసినవాళ్లు. ఐఫోన్‌లో ఆ గుర్తే లేదు. పైగా దాని అంకెల కీబోర్డులో 'రిటర్న్' మీట ఉండదు. కీబోర్డు దిగే మార్గం యాప్ రాసినవాళ్లే ఇవ్వాలి. వాళ్లు ఇవ్వకపోతే ఆ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. నింపినవాడు తనకే చేతకాలేదనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

ఆ యాప్ రాసిన డెవలపర్‌కి పని రాదని కాదు. సర్వర్‌తో మాట్లాడే కోడ్ బాగా రాసి ఉంటాడు. రంగులు, అక్షరాలు, లోగో అన్నీ డిజైన్‌లో ఉన్నట్టే దింపి ఉంటాడు. ఈ ఒక్కచోట మాత్రం "అది సిస్టమే చూసుకుంటుందిలే" అనుకున్నాడు. సిస్టం కొంత చూసుకుంది. మిగతాది ఎవరూ చూడలేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లతో నేను ఎక్కువగా మాట్లాడేది ఈ మిగతా భాగం గురించే. ఏ పనైనా వేరొకరికి వదిలేయొచ్చు, లేదా మన చేతుల్లోకి తీసుకోవచ్చు. సగం వదిలి సగం పట్టుకున్నప్పుడే ఎవరో ఒకరు నష్టపోతారు. మొబైల్ యాప్‌లో కీబోర్డుని చేత్తో సర్దడం చాలా చిన్న పని. కానీ బాధ్యత పూర్తిగా తీసుకోవడమంటే ఏమిటో ఇంత స్పష్టంగా నేర్పే పని మన రంగంలో నాకు మరొకటి కనబడలేదు. కోడ్ రాయనివాళ్లు కూడా చదవండి. టూల్స్ పేర్లు, సెట్టింగుల పేర్లు దాటి ముందుకెళ్తే మీ ఆఫీసులోని సంగతులే ఎదురవుతాయి.

ముందుగా ఈ సమస్య ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2008లో అమ్మకానికి వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌కి తెర కింద నుంచి పక్కకి జరిగే నిజమైన మీటలు ఉండేవి. తెరమీద కనిపించే కీబోర్డు 2009లో ఆండ్రాయిడ్ 1.5తో వచ్చింది. అంతకంటే ముందే, 2007లో, ఐఫోన్ మీటలన్నిటినీ తీసేసి తెరమీదకే తెచ్చింది. అప్పటి ఐఫోన్ తెర ఎత్తు 480 పాయింట్లు, నిలువుగా పట్టుకుంటే కీబోర్డు ఎత్తు 216. అంటే తెరలో 45 శాతం. అడ్డంగా తిప్పితే 320లో 162, సగానికి పైనే. ఫోన్లు పొడుగయ్యాయి కదా, ఇప్పుడు ఇబ్బంది తగ్గి ఉంటుందని అనుకోవద్దు. కీబోర్డు పైన సూచనల పట్టీ వచ్చింది, కొందరు అంకెల వరుస కలుపుకున్నారు, ఎమోజీలు చేరాయి. రాసే చోటూ చదివే చోటూ ఒకే తెరని పంచుకుంటున్నంత కాలం ఎవరు ఎంత జరగాలో ఎవరో ఒకరు తేల్చాలి.

ముందు ఒక ప్రశ్న

కీబోర్డుని చేత్తో సర్దడం మొదలుపెట్టే ముందు మిమ్మల్ని మీరు అడగండి: సిస్టం చేస్తున్న పనిలో నాకు సరిపోనిది ఏమిటి? జవాబు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే దాని జోలికి వెళ్లకండి.

సిస్టం చేసే పని తక్కువేం కాదు. ఆండ్రాయిడ్‌లో మీరు 'అడ్జస్ట్ రీసైజ్' అని చెబితే కీబోర్డు లేచినప్పుడు తెరని కుదించి మీ లేఅవుట్‌ని మిగిలిన చోట సర్దుతుంది. 'అడ్జస్ట్ ప్యాన్' అంటే తెరని కుదించకుండా, రాస్తున్న గడి కనబడేలా మొత్తాన్ని పైకి జరుపుతుంది. 'అడ్జస్ట్ నథింగ్' అంటే ఏమీ చేయదు. యాప్‌లు రాసే టూల్ ఫ్లటర్‌లో, పేజీకి చట్రంలా ఉండే స్కఫోల్డ్ తనంతట తానే కుదించుకుంటుంది. ఐఫోన్ యాప్‌లు రాసే స్విఫ్ట్ యూఐ 2020లో ఐఓఎస్ 14 నుంచి ఈ పని తనే చేస్తోంది. రెండు గడులు, ఒక బటన్ ఉన్న లాగిన్ పేజీకి ఇది చాలు. గడుల్ని స్క్రోల్ అయ్యే చోట పెట్టండి, వదిలేయండి. పనితనం చూపించాలని అక్కడ నలభై లైన్ల కోడ్ రాసేవాళ్లు ఉన్నారు. ఆ నలభై లైన్లనీ రేపు ఎవరో ఒకరు మోయాలి.

చాట్ సంగతి వేరు. సందేశం రాసే పట్టీ కీబోర్డు నెత్తి మీదే అంటుకుని ఉండాలి. పట్టీ పైకి జరిగినా చివరి సందేశం కనబడుతూనే ఉండాలి. ఎమోజీ గుర్తు నొక్కితే కీబోర్డు దిగి, సరిగ్గా అంతే ఎత్తులో, అదే చోట ఎమోజీల పలక రావాలి. ఆ మార్పిడిలో పట్టీ ఇసుమంతైనా కదలకూడదు. ఇది సిస్టం చేయలేదు. మీ దగ్గర ఎమోజీల పలక ఉందని దానికి తెలియదు కాబట్టి.

లైవ్ వీడియో కింద వ్యాఖ్య రాసే పేజీ కూడా అంతే. సిస్టం మొత్తం తెరని కుదిస్తే వీడియో కూడా చిన్నదైపోతుంది. అక్కడ వీడియో కదలకూడదు, వ్యాఖ్య గడి ఒక్కటే పైకి రావాలి. మ్యాప్ మీద వెతుకులాట పెట్టె ఉన్న పేజీలో కీబోర్డు లేచిన ప్రతిసారీ మ్యాప్ కుదించుకుపోతే చూస్తున్న చోటు కళ్ల ముందు నుంచి జరిగిపోతుంది.

ఈ మూడింట్లోనూ కారణం ఒక్క వాక్యంలో చెప్పగలిగాం. ఆఫీసులో కూడా ఈ కొలతే వాడండి. పక్కవాళ్లు చేస్తున్న పనిని మీరు తీసుకోవాలనుకుంటే, అందులో ఏది సరిపోలేదో ఒక్క వాక్యంలో వాళ్లకే చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది ఉత్సాహం మాత్రమే. ఉత్సాహం మంచిదే, కానీ దానితో వేరేవాళ్ల పనిలో చేయి పెట్టకూడదు.

రెండుసార్లు పడిన ఉప్పు

పప్పులో అత్త ఒకసారి ఉప్పు వేసింది. వేసిందో లేదో అడగకుండా కోడలు ఇంకోసారి వేసింది. ఇద్దరూ శ్రద్ధగానే చేశారు, పప్పు మాత్రం నోట్లో పెట్టుకోలేం. కీబోర్డు బగ్గుల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

గుర్తుపట్టడం సులువు. కీబోర్డు లేస్తుంది, రాసే గడి పైకి జరుగుతుంది, కానీ రెండింటి మధ్య కీబోర్డు అంత ఎత్తు తెల్లటి ఖాళీ మిగులుతుంది. సిస్టం ఒకసారి తెరని కుదించింది. మీరు కీబోర్డు ఎత్తు తెలుసుకుని అడుగున అంత ఖాళీ చోటు, అంటే ప్యాడింగ్, కలిపారు. ఒకే పనిని ఇద్దరు చేశారు. ఫ్లటర్‌లో స్కఫోల్డ్ కుదిస్తూ ఉండగా, దానికి పైనున్న కాంటెక్స్ట్ నుంచి కీబోర్డు ఎత్తు చదివి మళ్లీ కలిపితే ఇదే జరుగుతుంది. రియాక్ట్ నేటివ్ అనే మరో టూల్‌లో సిస్టం కుదిస్తున్న తెరమీద మీరు కూడా కీబోర్డు ఎత్తుని విని ప్యాడింగ్ పెట్టినా ఇదే జరుగుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది ప్యాడింగ్‌ని సగం చేసి చూస్తారు, తర్వాత ఒక అంకె తీసేసి చూస్తారు. తమ ఫోన్‌లో సరిగ్గా కుదిరేదాకా కెలుకుతూనే ఉంటారు. అంకెలతో ఇది తీరదు. ఎవరు చేస్తున్నారన్నది తేల్చాలి. మీరు చేయదలిస్తే సిస్టంతో ఆ మాట చెప్పండి. ఫ్లటర్‌లో 'రీసైజ్ టు అవాయిడ్ బాటమ్ ఇన్‌సెట్' అన్నదాన్ని ఆపేయండి. స్విఫ్ట్ యూఐలో కీబోర్డు కోసం వదిలే చోటుని పట్టించుకోవద్దని 'ఇగ్నోర్స్ సేఫ్ ఏరియా'తో చెప్పండి. ఆండ్రాయిడ్‌లో ఇక్కడో మెలిక ఉంది. మోడ్ 'అడ్జస్ట్ రీసైజ్'గానే ఉంచాలి. దాంతోపాటు, తెర అంచులకి తగ్గట్టు లేఅవుట్‌ని సర్దే పని నాదే, నువ్వు చేయొద్దని విండోకి చెప్పాలి. అప్పుడు సిస్టం కుదించడం మానేసి, కీబోర్డు ఎంత చోటు తీసుకుందో ఆ కొలత మాత్రం మీ చేతికిస్తుంది. మిగతాది మీ పని.

అడక్కుండా వచ్చిపడే బాధ్యత కూడా ఉంటుంది. ఆండ్రాయిడ్ 15ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లన్నీ ఆ వెర్షన్ ఫోన్లలో తెర అంచు నుంచి అంచు దాకా గీయాల్సిందేనని 2024లో నియమం వచ్చింది. అప్పటిదాకా సిస్టం నిశ్శబ్దంగా చేసిపెట్టిన సర్దుబాటు దాంతో ఆగిపోయింది. ఒక్క లైను కోడ్ మార్చకుండా, లక్ష్యం అంకె మాత్రం పెంచిన యాప్‌లలో గడులు కీబోర్డు కిందికి జారాయి. "మేం ఏం ముట్టుకోలేదే" అనడం వల్ల వాడేవాళ్లకి ఒరిగేదేమీ లేదు. నిన్నటిదాకా వేరొకరు చేసిన పని ఈ రోజు మీ బల్ల మీద ఉంది. ఎందుకు వచ్చిందని వాదించే సమయంలో దాన్ని చదివి అర్థం చేసుకోవచ్చు.

ఇదే కోవలో ఇంకో చిన్న పొరపాటు ఉంది, చిన్నదే కానీ చాలా యాప్‌లలో కనబడుతుంది. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ నుంచి తెర అడుగున, హోమ్ గీత కోసం, 34 పాయింట్ల చోటు వదలాలి. కీబోర్డు ఎత్తుని తెర అడుగు నుంచే కొలుస్తారు కాబట్టి ఆ 34 అందులోనే కలిసి ఉంటుంది. మీ పట్టీ ముందే ఆ 34 పైన కూర్చుని ఉంటే, కీబోర్డు ఎత్తు మొత్తం కలిపినప్పుడు 34 పాయింట్ల సందు మిగులుతుంది. ఆండ్రాయిడ్‌లో అడుగున ఉండే నావిగేషన్ పట్టీతోనూ ఇదే చిక్కు. రెండు కొలతల్నీ కూడకండి. ఏది పెద్దదైతే అది తీసుకోండి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం సందులు పూడిపోతాయి.

ఇక సిస్టంని ఎక్కడ ఆపారో ఆ లైను పక్కనే ఒక వ్యాఖ్య రాయండి. 'ఎమోజీ పలక కోసం ఇక్కడ సర్దుబాటు మనమే చేస్తున్నాం' అంటే చాలు. ఆర్నెల్ల తర్వాత ఆ కోడ్ తెరిచేవాళ్లు ఆ ఒక్క లైను చూసి రెండోసారి ఉప్పు వేయకుండా ఆగుతారు.

ఊహించొద్దు, అడగండి

కీబోర్డు ఎత్తు 216 అని కోడ్‌లో నేరుగా రాసేసుకున్న రోజులు ఉన్నాయి. 2014లో ఐఓఎస్ 8 వచ్చింది. మీటల పైన పదాలు సూచించే పట్టీ వచ్చింది. ఇతర కంపెనీల కీబోర్డులు పెట్టుకునే వీలూ వచ్చింది. 216ని నమ్ముకున్న గడులన్నీ ఆ పట్టీ కింద దాక్కున్నాయి.

మన భాష దగ్గరికి రండి. తెలుగులో రాసేవాళ్లలో చాలామంది ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి, పైన పట్టీలో వచ్చే తెలుగు పదాన్ని ఎంచుకుంటారు. కొందరు నేరుగా తెలుగు అక్షరాలున్న కీబోర్డు వాడతారు. ఒకే వాక్యంలో తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి, మళ్లీ తెలుగుకి, మధ్యలో ఎమోజీకి మారతారు. కీబోర్డు దిగకుండానే దాని ఎత్తు మారిపోవచ్చు. 'లేచింది', 'దిగింది' అన్న రెండు వార్తలే వినే కోడ్‌కి ఈ మార్పు అందదు. సూచనల పట్టీ వచ్చి మీ గడిలోని చివరి లైనుని కప్పేస్తుంది. రాస్తున్న అక్షరం రాస్తున్న మనిషికే కనబడదు. ఇంగ్లిష్‌లో మాత్రమే పరీక్షించిన బృందానికి ఇది ఎన్నటికీ తెలియదు. తెలుగు వచ్చిన డెవలపర్ ఆ బృందంలో ఉండీ ఈ సంగతి చెప్పకపోతే అది నాకు బాధ కలిగిస్తుంది. మీ భాష మీకు ఇచ్చిన చూపు ఇది. బృందం ముందు పెట్టండి.

కీబోర్డు ఎత్తు సెట్టింగుల్లో పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఒంటిచేత్తో వాడేందుకు పక్కకి జరుపుకునేవాళ్లు ఉన్నారు. తేలే కీబోర్డు పెట్టుకుంటే అది తెర అడుగుని ఆక్రమించదు. అప్పుడు మీ లేఅవుట్ కదలాల్సిన పనే లేదు. వీటన్నిటికీ జవాబు ఒకటే. ఎంత ఎత్తు ఉందో సిస్టంని అడగండి, మారిన ప్రతిసారీ వినండి.

ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో అడగడానికి దారి ఉండేది కాదు. పూర్తి తెర మీద నడిచే పేజీల్లో 'అడ్జస్ట్ రీసైజ్' పనిచేయదన్న ఫిర్యాదు 5497 అన్న నంబరుతో ఏళ్ల తరబడి ఉంది. దానికి ఎవరో రాసిన తాత్కాలిక పరిష్కారం ఆ నంబరునే పేరులో పెట్టుకుని లెక్కలేనన్ని యాప్‌లలోకి పాకింది. అది చేసేది ఇంతే: తెరలో కనబడుతున్న భాగం ఎంతో కొలుస్తుంది, తగ్గిన ఎత్తు మొత్తంలో నాలుగో వంతు కంటే ఎక్కువైతే కీబోర్డు లేచి ఉంటుందని అనుకుంటుంది. వేరే దారి లేని రోజుల్లో అది తెలివైన ఊహే. కానీ దాన్ని తెచ్చి అతికించుకున్నవాళ్లలో ఆ నాలుగో వంతు సంగతి చదివినవాళ్లు తక్కువ. అంతకంటే పొట్టిగా ఉన్న కీబోర్డు దాని కంటికి ఆనదు.

2020లో ఆండ్రాయిడ్ 11 కీబోర్డు ఉందా లేదా, ఉంటే ఎంత ఎత్తు అని నేరుగా అడిగే వీలిచ్చింది. 2021లో ఐఓఎస్ 15, కీబోర్డు అంచుకే మీ పట్టీని కట్టేసుకునే 'కీబోర్డు లేఅవుట్ గైడ్' ఇచ్చింది. ఇప్పటికీ పాత ఊహనే మోస్తున్న కోడ్ కనబడితే తీసేయడానికి సంకోచించకండి. కాకపోతే తీసే ముందు ప్రతి లైనూ ఎందుకుందో చదవండి. ఎక్కడినుంచో తెచ్చిన కోడ్ విషయంలో నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. అర్థం కాని లైను ఒక్కటి ఉన్నా అది నా కోడ్ కాదు, దాని మీద నా పేరు పెట్టను.

మనుషులతోనూ ఊహలు ఇలాగే పాతబడతాయి. "టీమ్ లీడ్ ఒప్పుకోరు" అన్నది ఎప్పుడో ఒకసారి చూసిన సంఘటన మీద కట్టిన ఊహ అయి ఉండొచ్చు. ఈ రోజు అడిగే దారి ఉంది. అడగండి.

మీ బల్ల మీద కనిపించనిది

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఐఫోన్ యాప్ రాసేటప్పుడు మ్యాక్ తెరమీద సిమ్యులేటర్‌లో చూసుకుంటాం. అందులో మ్యాక్ మీటలు జతపడి ఉంటే గడిలో నొక్కినా తెరమీద కీబోర్డు లేవదు. మీరు నిజమైన మీటలతో టకటకా కొడతారు, బటన్ కళ్లముందే ఉంటుంది, నొక్కుతారు, పని అయిపోతుంది. రోజంతా అదే యాప్ ముందు కూర్చుని కూడా బటన్ కీబోర్డు కింద పడుతోందన్న సంగతి మీకు తెలియదు. కమాండ్‌తో పాటు కే నొక్కితే తెరమీద కీబోర్డు లేస్తుంది. ఆ రెండు మీటలు నొక్కాలన్న ఆలోచన రావడానికి ముందు, నేను చూస్తున్నది వాడేవాళ్లు చూసేది కాదేమో అన్న అనుమానం రావాలి.

ఆ అనుమానాన్ని అలవాటు చేసుకోవడమే వ్యక్తిత్వ వికాసంలో పెద్ద మెట్టని నేను నమ్ముతాను. మీ బల్ల మీద వైఫై బాగుంటుంది, తెర పెద్దది, కళ్లు పడుచువి, యాప్‌లో ఏది ఎక్కడుందో మీకు కంఠతా వచ్చు. అవతలివాళ్ల దగ్గర ఇవేవీ లేకపోవచ్చు. చదువు చెప్పే మాస్టారికి, దరఖాస్తు పత్రం తయారుచేసే అధికారికి, మందు చీటీ రాసే డాక్టరుకి కూడా ఈ చిక్కు ఉంది. తమకి ఎదురుకాని ఇబ్బందిని వెతుక్కుంటూ వెళ్లేవాళ్ల దగ్గరికే జనం మళ్లీ వస్తారు.

కళ్లజోడు వాడేవాళ్ల ఫోన్‌లో అక్షరాల సైజు చూడండి. ఆండ్రాయిడ్ 14లో దాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. అంత పెద్ద అక్షరాలతో, కీబోర్డు లేచిన తర్వాత మిగిలే చోటులో మీ ఫారం ఎలా ఉంటుంది? గడి కనబడితే సరిపోదు. ఆ గడి పేరు పైన కనబడాలి, తప్పు కొడితే కింద వచ్చే ఎర్ర సందేశమూ కనబడాలి. ఫ్లటర్‌లో గడి చుట్టూ వదిలే 'స్క్రోల్ ప్యాడింగ్' మీరేం చెప్పకపోతే 20. రెండు లైన్ల ఎర్ర సందేశానికి అది చాలకపోవచ్చు. పెంచండి.

వేగం గురించి రెండు మాటలు. కీబోర్డు ఒక్కసారిగా ఊడిపడదు, జారుతూ లేస్తుంది. ఐఓఎస్ ముందుగానే చెబుతుంది: ఎక్కడ ఆగబోతోందో, ఎంత సేపట్లో, ఏ వేగంతో. మీ పట్టీని అదే వేగంతో కదిలించండి. ఆండ్రాయిడ్ 11 నుంచి ప్రతి ఫ్రేములోనూ ఎంత లేచిందో చెబుతుంది. రియాక్ట్ నేటివ్‌లో మాత్రం ఆండ్రాయిడ్ వైపు 'లేవబోతోంది' అన్న వార్త రాదు, 'లేచింది' అన్నదే వస్తుంది. అందుకే అక్కడ పట్టీ ఒక క్షణం వెనకబడి ఎగిరినట్టు కనబడుతుంది. అది తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

దించడం కూడా మీ పనే

లేచినప్పుడు ఏం చేయాలో అందరూ రాస్తారు. దిగినప్పుడు ఏం చేయాలో సగం మందే రాస్తారు. కీబోర్డు ఎన్ని విధాలుగా దిగుతుందో ఒకసారి లెక్కవేసుకోండి. వాడేవాళ్లు వెనక్కి నొక్కొచ్చు. జాబితాని కిందికి లాగొచ్చు. గడి బయట ఎక్కడో ముట్టుకోవచ్చు. ఫోన్ కాల్ రావచ్చు. వేరే యాప్‌కి వెళ్లి ఓటీపీ చూసి తిరిగి రావచ్చు. కీబోర్డు లేచి ఉండగానే పేజీ మూసేయొచ్చు. మీరు పెట్టిన ప్యాడింగ్ వీటన్నిట్లోనూ వెనక్కి తగ్గాలి. పేజీ పోయినా దాని తరఫున వింటూ కూర్చున్న లిజనర్‌ని తీసేయకపోతే, లేని పేజీ కోసం కోడ్ నడుస్తూనే ఉంటుంది. తర్వాతి పేజీ అడుగున ఎందుకో తెలియని ఖాళీ కనబడితే ముందు ఇక్కడ వెతకండి.

ఫోన్‌ని అడ్డంగా తిప్పితే ఇంకో సంగతి. ఆండ్రాయిడ్‌లో కొన్నిసార్లు కీబోర్డు మొత్తం తెరని తీసేసుకుని, తనదైన ఒక రాత గడిని చూపిస్తుంది. మీ లేఅవుట్ మొత్తం వెనక్కి వెళ్తుంది. పక్కన సహాయ సందేశం కనబడాల్సిన ఫారమైతే ఆ పద్ధతి వద్దని గడికి చెప్పే వీలుంది. చెప్పాలో వద్దో మీ ఫారంని బట్టి తేల్చుకోండి, కానీ తేల్చుకోండి.

అంకెల గడులకి ఐఫోన్‌లో కీబోర్డు పైన ఒక సన్నటి పట్టీ పెట్టి 'అయింది' అన్న మీట ఇవ్వండి. పాతిక లైన్ల కోడ్ కూడా పట్టదు. యాప్ మార్కెట్లోకి వెళ్లే ముందు రోజు రాత్రి "ఇదొక్కటీ తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అని పక్కన పెట్టే పనుల జాబితాలో సాధారణంగా ఇదే మొదట ఉంటుంది. దాన్ని ఆ జాబితాలోంచి తీయించగలిగిన జూనియర్‌ని నేను గుర్తుపెట్టుకుంటాను. సీనియర్ల ముందు గొంతెత్తి వాదించనక్కరలేదు. ఫోన్ వాళ్ల చేతిలో పెట్టి, "సార్, ఈ ఫారం ఒకసారి నింపి పంపండి" అంటే చాలు.

ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లకి ఒక సూచన. "రియాక్ట్ నేటివ్‌లోని కీబోర్డు అవాయిడింగ్ వ్యూ వాడాను" అనడంతో ఆగకండి. ఏ పేజీలో సిస్టంకి వదిలేశారు, ఏ పేజీలో మీరు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, తీసుకున్నాక ఏయే సందర్భాలు మీ మీద పడ్డాయి, ఈ నాలుగూ చెప్పండి. ప్రశ్న అడిగేవాళ్లకి మీ టూల్ పేరు కంటే మీరు పని పట్టుకునే తీరు కావాలి.

ఈ వారంలో ఒక సాయంత్రం తీసుకోండి. మీ యాప్‌లో పొడుగైన ఫారం ఒకటి ఎంచుకోండి. సిమ్యులేటర్ కాదు, నిజమైన ఫోన్, వీలైతే చిన్న తెరది, రెండు మూడేళ్ల పాతది. అక్షరాల సైజు చివరిదాకా పెంచండి. తెలుగు కీబోర్డు పెట్టండి. పేరు తెలుగులో, ఫోన్ నంబరు అంకెల్లో నింపండి. మధ్యలో ఓటీపీ కోసం బయటికి వెళ్లి రండి. ఒక గడి కావాలనే తప్పు నింపండి, ఎర్ర సందేశం కనబడిందో లేదో చూడండి. ఒకసారి అడ్డంగా తిప్పండి, మళ్లీ నిలువు చేయండి. కీబోర్డు లేచి ఉండగానే వెనక్కి వెళ్లి మళ్లీ ఆ పేజీకి రండి. ఎక్కడ ఖాళీ మిగిలిందో, ఎక్కడ బటన్ మాయమైందో కాగితం మీద రాసుకోండి.

తర్వాత ఆ ఫోన్ ఇంట్లో పెద్దవాళ్లకి ఇవ్వండి. అమ్మకో, మేనత్తకో, పక్కింటి బాబాయికో. "ఇది నింపి పంపండి" అని మాత్రమే చెప్పండి. ఎక్కడ నొక్కాలో చెప్పకండి, వేలు పెట్టి చూపించకండి, నోరు కట్టేసుకోండి. వాళ్లు ఆగిన ప్రతి చోటూ ఆ కాగితంలో చేర్చండి. మర్నాడు ఆఫీసుకి వెళ్లాక ప్రతి దానికీ బగ్ టికెట్ రాయండి. ఏ ఫోన్, ఏ కీబోర్డు, అక్షరాల సైజు ఎంత, ఏ గడి, ఇవన్నీ అందులో ఉండాలి. మొదటి టికెట్‌ని మీ పేరు మీదే వేసుకోండి.